గడియ పెట్టిన చేతిదే పూచీ

 

బడంగ్‌పేట్ నుండి ఒక తండ్రి ఈ శీర్షికకు ప్రశ్న పంపారు. వారి కుమారుడు నగర శివారులోని ఒక కుక్కల సంరక్షణ కేంద్రంలో పనికి కుదిరాడు. కుక్కల గదులు కడగడం, తిండి పెట్టడం, మందులు వేయడం, వాటిని బయట తిప్పి తీసుకురావడం అతని పని. బంధువులు ఎగతాళి చేస్తున్నారని, ఒక పెళ్లి సంబంధం ఆ మాట విని వెనక్కి పోయిందని ఆ తండ్రి బాధపడ్డారు. చివర మూడు విషయాలు అడిగారు. ఆ సంపాదన ధర్మసమ్మతమేనా? ఆ పని చేసినవాడి బట్టలు నమాజుకు పనికివస్తాయా? కుక్కలకు కడుపునిండా పెడితే చాలదా, వాటిని ఆడించడానికి, తిప్పడానికి కూడా మనుషులను పెట్టి డబ్బు ఖర్చు చేయడం దుబారా కాదా?

మొదటి రెండింటికి జవాబు పొడవైనది కాదు. అవసరం లేకుండా సరదా కోసం ఇంట్లో కుక్కను పెంచుకోవడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారించారు. వేటకు, మందకు, పంటపొలానికి కాపలాగా ఉంచుకోవడానికి అనుమతించారు. ఈ తేడా మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. గాయపడిన ప్రాణికి వైద్యం చేయడం, పిచ్చికుక్క కాటు రోగం నుండి బస్తీ పిల్లలను కాపాడడం సరదా పెంపకం కిందికి రావు. ఆ సేవకు పుచ్చుకునే జీతం శ్రమకు ప్రతిఫలం. అందులో నిషిద్ధమైన అంశమేదీ మాకు కనిపించడం లేదు.

బట్టల విషయానికి వస్తే, హనఫీ ధర్మశాస్త్రంలో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం కుక్క లాలాజలం అశుద్ధం. పొడిగా ఉన్న ఒళ్లు తగిలినంత మాత్రాన బట్ట అశుద్ధం కాదు. షాఫయీ మస్లక్‌లో నియమం ఇంకా కఠినం. కుక్క తడి తగిలిన చోటును ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలి. బడంగ్‌పేట్‌కు ఎంతో దూరం లేని బార్కస్‌లో షాఫయీ కుటుంబాలు అనేకం కనుక ఈ మాట కూడా చెబుతున్నాము. ఎవరి మస్లక్ ఏదైనా ఆచరణలో దారి ఒక్కటే. పని బట్టలు వేరుగా, నమాజు బట్టలు వేరుగా ఉండాలి. పనిచోటనే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే సందేహానికి తావుండదు. వైద్యులు చెప్పే ఆరోగ్య నియమమూ ఇదే.

మూడవ ప్రశ్న వద్ద మనం కొంత ఆగవలసి ఉంది. కడుపుకు పెడితే చాలదా అన్న మాటలో న్యాయం ఉన్నట్లే తోస్తుంది. మనుషులే ఆకలితో ఉన్న లోకంలో కుక్కల ఆటలకు ఖర్చా అని ఎవరైనా అడుగుతారు. దీనికి సమాధానం వెతకాలంటే మన పిల్లలకు పదేపదే చెప్పే ఒక హదీసును మళ్లీ విప్పి చూడాలి.

దాహంతో అలమటిస్తున్న కుక్క కోసం బావిలోకి దిగి, తోలు మేజోడులో నీళ్లు నింపి తెచ్చి తాగించిన మనిషి ఉదంతం అందరికీ తెలుసు. ఆ కుక్క అతనిది కాదు, అతడు దానిని కట్టివేయలేదు. అతడు చేసినది కేవలం దయ, దానికి అల్లాహ్ క్షమాభిక్ష ప్రసాదించాడు. ఇక రెండవది పిల్లిని బంధించిన స్త్రీ ఉదంతం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. ఆమె పిల్లికి తిండి పెట్టలేదు. నేల మీది పురుగూ పుట్రా వెతుక్కుని తినడానికి వదలనూ లేదు. అది చనిపోయింది, ఆమె శిక్షకు గురైంది. ఈ రెండవ మాటను గమనించండి. వదిలి ఉంటే ఆ పిల్లి తన బ్రతుకు తాను చూసుకునేది. తలుపు గడియ పెట్టిన క్షణం నుండి, ఆ పిల్లి తనకై తాను చేసుకోగలిగినదంతా ఆమె మెడకు చుట్టుకున్నది. బంధించని ప్రాణి పట్ల మనం చేసేది దయ. బంధించిన ప్రాణి పట్ల చేయవలసినది బాకీ.

మన ధర్మశాస్త్రవేత్తలు ఈ బాకీని వివరంగా లెక్కగట్టారు. హిజ్రీ 660 (క్రీ.శ. 1262)లో పరమపదించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తమ ‘ఖవాయిదుల్ అహ్కామ్’ గ్రంథంలో మనిషిపై జంతువులకు గల హక్కులను వరుసగా పేర్కొన్నారు. ముసలిదైనా, రోగంతో ఏ ప్రయోజనానికీ పనికిరానిదైనా దానికి పోషణ జరగాలి. మోయలేని బరువు మోపరాదు. దానిని గాయపరిచే జంతువుతో, అది సొంత జాతిదైనా సరే, ఒకచోట ఉంచరాదు. అది పడుకునే చోటు, నీళ్లు తాగే చోటు బాగుండాలి. పశువుకు మేత పెట్టని యజమాని అల్లాహ్ ఎదుట దోషి అని హనఫీ పండితులు చెప్పారు. ఖాజీ బలవంతంగానైనా పెట్టించాలని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయపడ్డారు. ఏడు వందల ఏళ్ల తరువాత, 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పెంపుడు పశువుల స్థితిగతులపై నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా అయిదు స్వేచ్ఛలు అనే సూత్రం రూపుదిద్దుకుంది. ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి, రోగాల నుండి, భయం నుండి విముక్తి నాలుగు. తన సహజ స్వభావం ప్రకారం మసలుకునే వీలు అయిదవది. మన ప్రశ్నకు ఈ అయిదవదానితోనే సంబంధం.

వీధికుక్క దినచర్యను ఒకసారి గమనించండి. తెల్లవారకముందే లేచి తన హద్దులన్నీ తిరిగి వస్తుంది. ప్రతి స్తంభం వద్ద, ప్రతి మూల మలుపులో ఆగి వాసన చూస్తుంది. రాత్రి ఎవరు వచ్చి వెళ్లారో దానికి ముక్కే చెబుతుంది. తిండి వెతుకుతుంది, నేల తవ్వుతుంది, తోటి కుక్కలతో ఆడుతుంది, ఎండ ముదిరితే నీడ వెతుక్కుని పడుకుంటుంది. దానిని తీసుకువచ్చి నాలుగు గోడల మధ్య పెట్టినప్పుడు గిన్నెలో అన్నం దొరుకుతుంది, మిగిలినవన్నీ పోతాయి. అలా పోయినవాటిని కొంతైనా తిరిగి ఇవ్వడాన్ని ఈ రంగంలోనివారు ఎన్‌రిచ్‌మెంట్ అంటున్నారు. మనం దానిని మనసుకు మేత అనుకుందాం. అది దొరకని కుక్క ఒకేచోట గిరగిర తిరుగుతుంది, పాదాన్ని పుండు పడేదాకా నాకుకుంటుంది, గోడను చూసి మొరుగుతుంది, లేదా మూలకు ముడుచుకుని తిండి మానేస్తుంది. అటువంటి కుక్కను ఏ రైతూ పొలం కాపలాకు తీసుకుపోడు, వీధిలో వదిలినా బెదిరి కరుస్తుంది. కనుక ఈ ఖర్చును దుబారా అనలేము.

మనిషి పిల్లలను జంతువులతో పోల్చడం మా ఉద్దేశం కాదు. అయినా ముప్ఫై మంది హిఫ్జ్ విద్యార్థులను ఫజర్ నుండి కూర్చోబెట్టిన ఏ ఉస్తాదుకైనా ఒక సంగతి అనుభవమే. అసర్ తరువాత మైదానంలోకి వదలకపోతే మగ్రిబ్ తరువాత ఒక్క ఆయతు నోటికి రాదు. అన్నం పెట్టే వంటశాల ఎంత ముఖ్యమో ఆ గంటసేపు మైదానమూ అంతే ముఖ్యం.

ఇక ఆ యువకుడు చేసే పని తీరును మన ఇళ్లలోనివారు తెలుసుకోవడం మంచిది. తెలియని పనినే లోకం ఎగతాళి చేస్తుంది.

పొద్దున చీపురు పట్టే ముందు కళ్లతో చేసే పని ఉంది. ఒక్కొక్క గది ముందు నిలబడి ఏది లేచింది, ఏది లేవలేదు, రాత్రి తిండి మిగిలిందా, వాంతి ఉందా, విరేచనం ఎలా ఉంది, కంటి నుండి, ముక్కు నుండి కారుతోందా, ఏ కాలు కుంటుతోంది అని చూసి పుస్తకంలో రాయాలి. తరగతిలో హాజరు పట్టీ వంటిదే ఇది. రాయనిది రేపటికి గుర్తుండదు. తరువాత శుభ్రత. దీనికి వరుస ముఖ్యం. ముందు పిల్లకుక్కలు, తరువాత ఆరోగ్యంగా ఉన్న పెద్దవి, అన్నిటికంటే చివర రోగులు. ఈ వరుస తప్పితే చెప్పుల తోనే పార్వో రోగం గది నుండి గదికి నడుస్తుంది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బ్రతికి ఉంటుంది, టీకా పడని పిల్లకుక్కలను రోజుల్లో బలి తీసుకుంటుంది. అందుకే రోగుల గదులకు చీపురు, బకెట్, బూట్లు వేరుగా ఉండాలి. కడిగేముందు కుక్కను బయటికి తీయాలి, దాని మీద పైపుతో నీళ్లు కొట్టరాదు. మలాన్ని ముందు ఎత్తివేసి, సబ్బునీళ్లతో రుద్ది, తరువాత నీళ్లు కలిపిన బ్లీచింగ్ ద్రావణం పోసి పది నిమిషాలు ఉంచి, కడిగి, ఆరనివ్వాలి. తడి నేల మీద ఉంచితే పాదాలు పుండ్లు పడతాయి. వర్షాకాలంలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది కనుక తిండి గింజలను మూత ఉన్న డబ్బాలలో ఉంచాలి.

పెద్ద కుక్కలకు రోజుకు రెండు పూటలు, పిల్లలకు మూడు నాలుగు సార్లు తిండి. ఉప్పుకారాలు, ఉల్లిపాయ లేకుండా వండిన అన్నం, మాంసం పెడతారు. ఉల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది. వండిన కోడి ఎముక చీలి పేగులకు గుచ్చుకుంటుంది. మన ఇళ్లలో బిర్యానీ మిగిలితే ప్రేమగా పంపేవారు ఈ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకే తొట్టిలో పోస్తే బలమైనది తిని బలహీనమైనది చూస్తూ నిలబడుతుంది. విడివిడిగా పెట్టి, తినేదాకా దగ్గర ఉండాలి. గాయపరిచేదానితో కలిపి ఉంచరాదన్న ఇమామ్ గారి మాటకు ఇదొక ఆచరణ రూపం.

తరువాత ప్రతి కుక్కనూ గది దాటించి తిప్పాలి. ఎంత దూరం నడిచిందన్న దానికంటే ఎంతసేపు వాసన చూడనిచ్చామన్నది ముఖ్యం. తాడు బిగించి లాక్కుపోతే నడక జరుగుతుంది గాని మనసుకు మేత దొరకదు. కొత్త కుక్కలను ఎదురెదురుగా తేకుండా, కొంత దూరం ఉంచి ఒకే దిక్కుగా నడిపిస్తే వాటికి పరిచయం కలుగుతుంది. ఇక మిగిలినవాటికి పెద్ద ఖర్చు లేదు. పొడి తిండి గింజలను పాత గోనెసంచి మడతల్లో దాచి వెతుక్కోనివ్వడం, అట్టపెట్టెలో చిత్తుకాగితాల మధ్య వేయడం, తవ్వుకోవడానికి ఇసుక గుంట, ఎక్కి కూర్చోవడానికి చెక్క అరుగు, దాక్కోవడానికి పక్కకు దొర్లించిన డ్రమ్ము, ఎండాకాలంలో మాంసం ఉడికించిన నీటిని గడ్డకట్టించి ఇవ్వడం వంటివే. తలుపు తీసేముందు కూర్చోవడం నేర్పిస్తే అదీ దానికి ఒక పనే. కుక్కల వసతిలో అరుపుల హోరు నూరు డెసిబెల్స్ దాటడం పరిశోధకులు కొలిచి చూశారు. అందుకే మధ్యాహ్నం ఒకటి రెండు గంటలు సందర్శకులు లేకుండా, గిన్నెల చప్పుడు లేకుండా పూర్తి నిశ్శబ్దం పాటించడం కూడా సంరక్షణలో భాగమే. అక్కడ పనిచేసేవారికి జుహర్ నమాజుకూ ఆ సమయం కలిసివస్తుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. అమెరికాలోని సంరక్షణ కేంద్రాలకు అక్కడి సంఘాలు పెట్టిన కనీస ప్రమాణం ప్రకారం ఒక్కొక్క జంతువుకు రోజుకు 15 నిమిషాలు కావాలి. 9 నిమిషాలు శుభ్రతకు, 6 నిమిషాలు తిండికి. నూరు కుక్కలుంటే 25 గంటల పని. అంటే ఎనిమిది గంటల చొప్పున ముగ్గురు మనుషులు తలెత్తకుండా చేసినా ఇంకా గంట పని మిగులుతుంది. నడక, ఆట, మందులు, రాతపని ఇందులో లేవు. ఒక్కొక్కదానికి మరో పావుగంట నడక కలిపితే లెక్క రెట్టింపవుతుంది. కుక్కలను తీసుకుపోయి ఎక్కడైనా పెట్టండి అనడం నోటికి సులభం. ఆ గంటలను ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు దేశమంతటి ముందుకు వచ్చింది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల వీధికుక్కలను కేంద్రాలకు తరలించాలని ఆదేశించింది. ఆగస్టు 22న ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మినహాయించి మిగిలినవాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకా చేసి తెచ్చిన చోటే వదలాలన్నది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడాప్రాంగణాల నుండి కుక్కలను తొలగించి కేంద్రాలలో ఉంచాలని, తిరిగి అక్కడ వదలరాదని ఆదేశించింది.

ఈ ఆదేశాల వెనుక ఉన్న బాధను తక్కువ చేయరాదు. 2023 ఫిబ్రవరిలో మన అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వల్ల ఏటా సుమారు 59 వేల మంది మరణిస్తున్నారు. వారిలో పది మందికి నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలు. పిల్లవాడి ప్రాణం ముందు దేనినీ తూచలేము. రేబిస్‌కు విరుగుడు కూడా తెలిసినదే. ఒక ప్రాంతంలోని కుక్కలలో 70 శాతానికి టీకా వేస్తే ఆ రోగం వ్యాప్తి తెగిపోతుంది. 1992లో శ్రీమతి అమల అక్కినేని, మిత్రులు కలిసి స్థాపించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు, ఫతుల్లాగూడ, చుడీబజార్ వంటి చోట్ల నగరపాలక సంస్థలు నడిపే కేంద్రాలు చేసే టీకా, శస్త్రచికిత్సల పని ఇందుకోసమే. ఆరోగ్యమైన వీధికుక్కకు అక్కడ కొన్ని రోజుల బస చాలు. గాయపడినవి, ముసలివి, తిరిగి వదలరానివి మాత్రం అక్కడే బ్రతుకు వెళ్లదీయాలి. వాటి రోజు ఎలా గడుస్తుందన్నది గడియ పెట్టినవారి పూచీ.

ఆ పూచీ మరచిన ఒక నగరం కథ మన చరిత్రలోనే ఉంది. ఇస్తాంబుల్‌లో ఉస్మానియా కాలంలో వీధి జంతువులకు బస్తీలవారు తిండి పెట్టేవారు. అటువంటి నగరంలో 1910లో పాలకులు వీధికుక్కలను వేలాదిగా పట్టి మర్మరా సముద్రంలోని సివ్రియాదా అనే రాళ్ల దీవిపై దింపివేశారు. అక్కడ తిండి లేదు, నీళ్లు లేవు. ఆకలిదప్పులతో అవి అక్కడే చచ్చాయి. ఆ దీవికి గోడలు లేవు, సముద్రమే గడియ. వీధులు శుభ్రమయ్యాయి గాని లెక్క మిగిలిపోయింది. తిండి, నీరు, మనుషులు లేని ఏ కేంద్రమైనా, దానికి ఏ పేరు పెట్టినా, ఆ దీవి వంటిదే.

మరి మన ఇళ్లవారు చేయగలిగినది ఏమిటి? బడంగ్‌పేట్‌లో, చుట్టుపక్కల బాలాపూర్, నాదర్‌గుల్‌లలో కొత్త కాలనీలు, ఖాళీ ప్లాట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఖాళీ ప్లాటులో కోడి వ్యర్థాలు పడిన చోట కుక్కల గుంపు చేరుతుంది. మాంసం దుకాణాలు నడిపే మన సోదరులు వ్యర్థాలను మూత ఉన్న డబ్బాలో ఉంచి చెత్తబండికే ఇవ్వాలి. బక్రీదు రోజున ప్రతి ఇల్లూ ఇదే పాటించాలి. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, సున్నం పూయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. చెప్పిన తేదీలన్నిటికీ టీకా వేయించాలి. సంరక్షణ కేంద్రంలో పనిచేసేవారు ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవాలి.

దగ్గరలో ఉన్న కేంద్రానికి పాత దుప్పట్లు, గోనెసంచులు, అట్టపెట్టెలు ఇవ్వవచ్చు. ముట్టుకోవడానికి సంకోచించేవారికీ చేయదగిన పని ఉంది. అమెరికాలోని మిస్సోరీలో ఒక కేంద్రం పిల్లలను గదుల బయట కూర్చోబెట్టి కుక్కలకు వినిపించేలా పుస్తకాలు చదివిస్తుంది. బెదిరిన కుక్క ఆ నెమ్మదైన గొంతు విని మెల్లగా ముందుకు వస్తుంది. ముట్టుకోవడం లేదు, ఖర్చు లేదు, పిల్లలకు చదువూ సాగుతుంది.

ఆ తండ్రిగారికి మేము చెప్పేది ఇదే. మీ అబ్బాయి మనందరి తరఫున ఒక బాకీ తీరుస్తున్నాడు. బస్తీలో కుక్కలు వద్దన్నది మనం, వాటిని తీసుకుపొమ్మన్నది మనం. తీసుకుపోయిన తరువాత వాటి ముందు నీళ్లగిన్నె పెడుతున్నది అతను. ఆ పనిని చులకన చేసినవారిని నొచ్చుకోకుండా ఒక్కమాట అడగండి. మన వీధి నుండి పోయిన కుక్కకు ఈ రోజు ఎవరు నీళ్లు పెట్టారు?

మన చేతి కింద ఉన్న ప్రతి ప్రాణి హక్కునూ నెరవేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.